మూడు రోజుల ఎర్టిగా ట్రిప్పు: డ్రైవరన్నకు ఐదు స్టార్లు, ఆఫీసుకు రెండే

ముందే చెప్పేస్తా, ఈ రివ్యూ కొంచెం పొడుగు. తిరుపతిలో కారు మాట్లాడుకొని కాళహస్తి, కాణిపాకం, అరుణాచలం చూసుకొని వచ్చేసేవాళ్ళు ఇదంతా చదవక్కర్లేదు, వాళ్ళకు ఈ ట్రావెల్స్ బాగానే సరిపోతుంది, బుక్ చేసుకోండి. నేను రాస్తా ఉండేది మాలాంటి పిచ్చోళ్ళ కోసం, అంటే ఒక చెట్టు చూడాలని, ఒక ఆవును చూడాలని, రోడ్డు పక్కన రాతి బసవన్న కనపడిందని కారు ఆపమనే వాళ్ళ కోసం.

సంగతేందంటే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, డాలస్ లో ఉంటాడు. పోయిన నెల వచ్చినాడు. వచ్చిన రోజు నుంచీ వాళ్ళు అమెరికాలో కారేసుకొని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగిన కథే. టెక్సాస్ లో అమరిల్లో అని ఒక ఊరంట, ఊరి బయట పొలంలో పది కాడిలాక్ కార్లను ముక్కు భూమిలోకి దిగేసి తోక పైకి పెట్టి వరసగా పాతినారంట 1974 లో, పోయినోళ్ళందరూ స్ప్రే డబ్బాలు తీసుకపోయి వాటికి రంగులు కొట్టేసి వస్తారంట. కాన్సస్ లో కాకర్ సిటీ అనే పల్లెలో 1953 లో ఒకాయన పురికొస ఉండ చుట్టడం మొదలుపెట్టినాడంట, ఆయన పోయినా ఊరోళ్ళు ఇంకా చుడతానే ఉండారంట, ఇప్పుడది మనిషి కంటే ఎత్తు. సౌత్ డకోటాలో వాల్ డ్రగ్ అని ఒక మందుల షాపు, ఐస్ వాటర్ ఫ్రీ అని వందల మైళ్ళ ముందు నుంచే రోడ్డు పక్కన బోర్డులు పెట్టి జనాన్ని లాక్కుంటుందంట, మంచినీళ్ళ కోసం మొదలైన యాపారం! మా అవ్వ అంతా విని "పురికొస ఉండ చూసేదానికి అంత దూరం పెట్రోలు కాల్చుకుంటా పోయినావా నాయనా" అనింది. బావ నవ్వేసి, "మన పక్క అట్లాంటియి ల్యావులే అవ్వా, అన్నీ గుళ్ళే" అన్నాడు. నాకు అక్కడ రోషం వచ్చింది. ఆ రాత్రే వాట్సాప్ లో కారు బుక్ చేసినా.

బుకింగ్ సులువే. ఎర్టిగా, కిలోమీటరుకు 14 రూపాయలు, డ్రైవర్ బత్తా రోజుకు 500, టోల్, పార్కింగ్ మనవే, అడ్వాన్స్ 3,000 ఫోన్ పే. రోజుకు మినిమమ్ 300 కిలోమీటర్లు అని మెసేజ్ చివర్లో చిన్నగా ఉండింది. నేను చదివినా, చదివి సరే అనుకున్నా, అదీ నా తప్పే. దాని సంగతి తర్వాత.

పొద్దున ఐదుకు రమ్మంటే నాలుగూ యాభైకి ఇంటి ముందర హారన్ కొట్టకుండా నిలబడినాడు డ్రైవరన్న. ఆ ఒక్క పనికే నేను సగం పడిపోయినా, ఎందుకంటే మా వీధిలో పొద్దున్నే హారన్ కొడితే ఎదురింటాయన మూడు రోజులు మాట్లాడడు. మనిషికి యాభై ఉంటాయి, పీలేరు పక్క. అవ్వకు కార్లో కడుపులో తిప్పుతుంది అని చెప్తే వెంటనే ముందు సీటు వెనక్కి జరిపి, నిమ్మకాయ ఒకటి గోటితో గీరి చేతికిచ్చి "వాసన చూస్తా ఉండవ్వా, ఘాట్ వచ్చినప్పుడు కిటికీలోంచి దూరంగా చూడు, ఫోన్ చూడద్దు" అన్నాడు. మా అవ్వకు ఫోనే లేదు, అయినా తలూపింది.

కారు సంగతి చెప్పాలంటే బయట తెల్లగా కడిగి ఉంది, లోపల సీటు కవర్లు శుభ్రం, కానీ వెనక సీటుకు ఏసీ గాలి రాదు. పైన బ్లోయర్ శబ్దం మాత్రం పిండిమర మాదిరి వస్తుంది. పొద్దున ఫర్వాలేదు, మధ్యాహ్నం పలమనేరు దాటేసరికి బావ చొక్కా వీపుకు అంటుకొని పోయింది. అది డ్రైవరన్న తప్పు కాదు, మూడు వారాల నుంచి చెప్తా ఉన్నాడంట ఓనరుకు.

మొదట కాణిపాకం. గుడే కదా అని బావ మూతి ముడుచుకున్నాడు కానీ నేను కావాలనే పెట్టినా. బావిలో ఉండే దేవుడు, పెరుగుతా ఉండే దేవుడు, ఏళ్ళ కిందట చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదు అని చెప్పి దాన్ని చూపిస్తారు, ఇంత కంటే వింత ఏం కావాల? డ్రైవరన్న ఇంకొకటి చెప్పినాడు, మాకు తెలిసిందే అయినా ఆయన చెప్పే తీరు బాగుండింది: "సార్, ఈడ అబద్ధం ప్రమాణం చేస్తే ఇంటికి పోయేలోపల తెలిసిపోతుంది, అందుకే అప్పు ఎగ్గొట్టినోడు కాణిపాకం రా అంటే రాడు." చిత్తూరు జిల్లాలో పుట్టినోడికి ఇది ఉగ్గుపాలతో వచ్చిన మాట, పంచాయితీల్లో రాజకీయాల్లో కూడా సవాళ్ళు ఇక్కడికే వస్తాయి. ఈ ప్రమాణం మాట గుర్తు పెట్టుకోండి, బిల్లు దగ్గర మళ్ళీ వస్తుంది.

తర్వాత పుంగనూరు. ఈ ఊరి ఆవు ప్రపంచంలోనే పొట్టి ఆవుల్లో ఒకటి, ఎత్తు రెండున్నర మూడు అడుగులు, పాలల్లో వెన్న ఎక్కువ. జాతి అయిపోతుందేమో అనే పరిస్థితి వస్తే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుకుంటా వచ్చినారు. మేము పుంగనూరు వీధుల్లో అరగంట తిరిగినాం, ఎనుములు కనపడినాయి, జెర్సీ ఆవులు కనపడినాయి, పుంగనూరు ఆవు మాత్రం లేదు. "అది ఊర్లో కంటే రీల్స్ లో ఎక్కువుంది సార్" అన్నాడు డ్రైవరన్న. బావ పకపకా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్లయింది. ఇంకొక డ్రైవరైతే అక్కడితో వదిలేసి మదనపల్లికి తొక్కేసేవాడు. ఈయన కారు పక్కకు తీసి వాళ్ళ బామ్మర్దికి ఫోన్ చేసి, ఆయన ఇంకొకరికి చేసి, మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపల ఒక ఇంటికి తీసుకపోయినాడు. వసారాలో కట్టేసి ఉంది, తెల్లది, మూపురం నా నడుం దాకా కూడా రాలేదు, తోక మాత్రం నేలకు ఆనేంత పొడుగు. అవ్వ పోయి గంగడోలు కింద గోకింది, అది మెడ చాచి కళ్ళు మూసుకునింది, అవ్వ చెయ్యి తీస్తే తలతో నెట్టింది. బావ మోకాళ్ళ మీద కూర్చుంటే బావ మొహమూ దాని మొహమూ సమానం. ఆ ఇంటామె మజ్జిగ ఇచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ ఎనిమిది కిలోమీటర్లు డ్రైవరన్నకు వచ్చే లాభం ఏమీ లేదు, బత్తా అంతే.

హార్స్‌లీ కొండలు అందరికీ తెలిసిందే, నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర పేరు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, ఆ పేరే బాగుంది నన్నడిగితే. రాత్రి చలికి అవ్వ దుప్పటి తీయలేదు. డ్రైవరన్నకు పడుకునేదానికి చోటు ఉందా అని అడిగితే "కార్లోనే సార్, అలవాటే" అన్నాడు. డ్రైవర్లకు చోటు ఉండే రూములు చూసి బుక్ చేసుకోండి దయచేసి, మేము రెండో రోజు నుంచి అట్లే చేసినాం.

రెండో రోజు తిమ్మమ్మ మర్రిమాను. కదిరి పక్కన గూటిబైలు. దీని దగ్గర బావ నోరు మూతపడింది, అందుకే నేను ఇది ఎక్కువ రాస్తా.

దూరం నుంచి చూస్తే చిన్న అడవి అనుకుంటారు. దగ్గరికి పోయినా అడవే. అది ఒకే చెట్టు అని మనకు మనం చెప్పుకోవాల. దాదాపు ఐదెకరాల మీద నీడ, 1989 లో గిన్నిస్ బుక్ లోకి ఎక్కింది. గిన్నిస్ దాకా తీసుకపోయింది బెంగళూరాయన, ఆయన పేరు రిగ్రెట్ అయ్యర్, నిజంగా అదే పేరు. పత్రికలకు ఏదో ఒకటి రాసి పంపిస్తే "చింతిస్తున్నాం" అని వాళ్ళు పంపే రిగ్రెట్ లెటర్లన్నీ దాచిపెట్టుకొని ఆ పేరే తగిలించుకున్నాడు! కథేమో 1434 లో తిమ్మమ్మ భర్త చితిలో సహగమనం చేస్తే ఆ చితికి నాటిన గుంజ ఒకటి చిగురించి ఈ మానయిందని. లోపల చిన్న గుడి ఉంది ఆమెకు, పిల్లలు కావాలని మొక్కుకుంటారు.

బావ అసలు మొదలు యాడుందో కనుక్కుంటా అని బయల్దేరినాడు. ఇరవై నిమిషాలైనా రాలేదు. ప్రతి ఊడా ఒక మానే, ఒకదాని పక్కన నిలబడి ఇదే అనుకుంటే పది అడుగుల్లో దాని కంటే లావుది. పైన కొమ్మ యాడ మొదలై యాడ భూమిలోకి దిగిందో చూపుతో పట్టుకుంటా పోతే మెడ పట్టేస్తుంది. ఎండ బయట మండుతుంటే లోపల నేల చల్లగా, ఆకుల మధ్య ఎండ చిల్లర పైసలు చల్లినట్లు పడతా ఉంది. చివరికి బావ చెమటలు కక్కుకుంటా వచ్చి అవ్వ పక్కన కూర్చొని "పది కార్లు పాతినదానికి మేము రెండు రోజులు డ్రైవ్ చేసినాం" అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు. దారిలో నా కంటికి ఈ చెట్టుకు బోర్డు ఒక్కటే కనపడింది, అదీ సగం మాసిపోయి. వాల్ డ్రగ్ వాళ్ళ చేతికి ఈ మాను దొరికుంటే అనంతపురం నుంచి బోర్డులుండేవి. మాకు బోర్డు లేని లోటు డ్రైవరన్నే తీర్చినాడు, ప్రతి మలుపుకు అరకిలోమీటరు ముందే "అవ్వా, కుడి పక్క చూడు" అని స్లో చేస్తాడు.

మధ్యాహ్నం అన్నం సంగతి. టూరిస్టు కార్ల డ్రైవర్లు మనల్ని తీసుకపోయే హోటళ్ళు కొన్ని ఉంటాయి చూడండి, డ్రైవరుకు భోజనం ఫ్రీ, మనకు బిల్లు డబుల్. ఈయన కదిరి దాటినాక రేకుల షెడ్డు దగ్గర ఆపినాడు, పేరు కూడా రాయలేదు దాని మీద. రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, పక్కన ఎర్రగడ్డ. సంగటి వేలుకు అంటుకోకుండా జారుతుంది, అట్లుండాల. డ్రైవరన్న తన డబ్బులు తానే ఇచ్చుకుంటుంటే చూసి ఆపినా.

గోరంట్ల దాటినాక పంచరు. పంచరైతే తప్పేం లేదు, కానీ స్టెప్నీ బయటికి తీస్తే అది గుండు మాదిరి నున్నగా ఉంది, గీత ఒక్కటి లేదు. అట్లాంటి టైరు పెట్టి ఘాట్ రోడ్లకు పంపిస్తారా ముసలామెను పెట్టుకొని పోతా ఉంటే? ఆఫీసుకు తగ్గించిన మూడు స్టార్లలో ఒకటి ఇక్కడే పోయింది. డ్రైవరన్న ఆ టైరుతో మెల్లగా పంచరు షాపు దాకా తోలి, అసలు టైరుకు ప్యాచ్ వేయించి మళ్ళీ అదే బిగించినాడు, గంటన్నర పోయింది.

అందుకే లేపాక్షి చేరేసరికి పొద్దు వాలిపోయింది, ఒక రకంగా మంచిదే, బసవన్న ఆ ఎండకు బంగారం రంగులో ఉన్నాడు. ఒకే రాయి, 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు, రోడ్డు పక్కనే. మెడలో గంటల వరస చూడండి, ఒక్కొక్క గంట లోపల గుండు కూడా చెక్కినట్లే అనిపిస్తుంది. గుడిలో వేలాడే స్తంభం కింద అందరూ గుడ్డ దూర్చి అవతల పక్కన లాగుతారు, మా బావ కర్చీఫ్ దూర్చినాడు, వచ్చింది, ఒక మూల దగ్గర మాత్రం ఇరుక్కునింది, ఎందుకంటే ఆ మూల నేలకు ఆనుకొనే ఉంది. ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన దీని రహస్యం కనుక్కుందామని కదిలించబోయి అట్లయిందని చెప్తారు. బావ పడుకొని ఫోన్ టార్చి వేసి చూస్తా ఉన్నాడు, వెనకాల లైను పెరిగిపోతా ఉంది, వాచ్‌మన్ తిట్టినాడు.

మా అవ్వకు స్తంభం పట్టలేదు. ఆమె లతామంటపం దగ్గర ఆగిపోయింది. ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క రకం లతలు, డిజైన్లు. ఈ డిజైన్లే చీర అంచుల్లోకి పోయినాయి. అవ్వ ఒక స్తంభం మీద వేలు పెట్టి గీతంతా రాస్తా పోయి "ఇది మా అమ్మ పెండ్లి కోక అంచు రా" అనింది. ఏ కోక, ఎప్పటి పెండ్లి, మాకెవరికీ తెలీదు. ఇంకొక స్తంభం దగ్గరికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చి దాన్నే ముట్టుకునింది. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు పీకి గోడకేసి కొట్టుకున్నాడు అనే ఎర్ర మరకలు గైడు చూపిస్తుంటే కూడా రాలేదు.

మూడో రోజు ఎక్కువ రోడ్డే, చెప్పేదేం లేదు. మదనపల్లిలో బీసెంట్ కాలేజీ గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగినాం, 1919 ఫిబ్రవరి 28 న ఠాగూర్ ఇక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది, బాణీ కుదిర్చింది మార్గరెట్ కజిన్స్. ఇది కూడా బావకు తెలీదు, పదో తరగతి దాకా తిరుపతిలో చదివినోడికి! పీలేరులో డ్రైవరన్న ఇంటి ముందర ఆగితే వాళ్ళావిడ అవ్వకు ఒక సంచి పచ్చి చెనిక్కాయలు ఇచ్చింది. భాకరాపేట ఘాట్ లో అవ్వ నిమ్మకాయ పట్టుకొని దూరంగా చూస్తా కూర్చునింది, ఏం కాలేదు. చంద్రగిరి కోట చేరేసరికి మూసేసినారు, గేటు బయట నుంచి చూసి వచ్చేసినాం.

ఇంక బిల్లు. నేను బయల్దేరేటప్పుడు స్పీడోమీటరు ఫోటో తీసి పెట్టుకున్నా, మీరూ తీసుకోండి. తిరిగింది మొత్తం 702 కిలోమీటర్లు. బిల్లు వేసింది 900 కు. రోజుకు 300 మినిమమ్ కదా సార్ అంటారు. 12,600, బత్తా 1,500, టోల్ 290. లెక్క వేస్తే కిలోమీటరుకు 18 దగ్గరికి పడింది. రూలు ముందే చెప్పినారు కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు. కానీ ఈ రూలు ఎవరి కోసం పెట్టిందో ఆలోచించండి, అరుణాచలం పోయి వచ్చేవాడికి పోనూ రానూ 380 అవుతుంది, వాడికి మినిమమ్ తగలదు. చెట్టు కింద రెండు గంటలు కూర్చునేవాడికి, ఆవు కోసం ఊరంతా తిరిగేవాడికి తగులుతుంది. తిరగకుండా ఆగినందుకు మాకు 198 కిలోమీటర్ల జరిమానా.

అది కాక ఘాట్ ఛార్జి అని 600 వేసినారు. ఇది ఏ మెసేజ్ లోనూ లేదు. అడిగితే కౌంటర్ లో పిల్లోడు "అది అందరికీ ఉండేదే సార్, ముందే ఫోన్ లో చెప్పినాం" అన్నాడు. నాకెవరూ ఫోనే చేయలేదు. మా అవ్వ కారులోంచి దిగి లోపలికి వచ్చింది, చేతిలో చెనిక్కాయల సంచి, "ఏం నాయనా, చెప్పినావా? కాణిపాకం ఇప్పుడే చూసొచ్చినాం, మళ్ళీ పోదాం పా, ప్రమాణం చేద్దువు, ఈ కారులోనే పోదాం, కిలోమీటర్లు నేను ఇస్తా" అనింది. ఆ పిల్లోడు లోపలికి పోయి ఓనరుతో మాట్లాడి వచ్చి బిల్లులోంచి ఆ 600 తీసేసినాడు. అడ్వాన్స్ పోను 11,390 కట్టి వచ్చినా. డ్రైవరన్న బయట కారు తుడుస్తా ఉన్నాడు, ఇటు పక్క చూడకుండా నవ్వుతా ఉన్నాడు.

ఓనరు గారు ఇది చదువుతా ఉంటే: స్టెప్నీ మార్చండి, వెనక బ్లోయర్ చేయించండి, ఆగి ఆగి పోయే ట్రిప్పులకు రోజుకింత అని ఒక రేటు పెట్టండి, మేమే మళ్ళీ వస్తాం. వచ్చే వేసవికి బావ వచ్చినప్పుడు పుత్తూరు దారిలో నాగలాపురం, సురుటుపల్లి ప్లాన్ ఉంది, సురుటుపల్లిలో శివుడు విషం తాగి పార్వతమ్మ ఒడిలో తల పెట్టుకొని పడుకొని ఉంటాడు, పడుకున్న శివుడంటే బావ నమ్మడం లేదు.

బుక్ చేసుకునే వాళ్ళు కారు ఏది వచ్చినా ఫర్వాలేదు కానీ డ్రైవరు ఎవరో అడగండి. ఆయన పేరు ఇక్కడ పెట్టడం బాగుండదు. "అవ్వకు నిమ్మకాయ ఇచ్చిన డ్రైవరు కావాల" అని ఫోన్ చేయండి, కౌంటర్ పిల్లోడికి బాగానే గుర్తుంటుంది.